ఒక్క ఏటుకు తెగిన చుట్ట

మా అక్క మొగుడు, నా బావ, పోయిన నెల కన్నుమూశాడు. పొద్దున్నే మేనల్లుడు ఫోన్ చేసి "మామా, నాయన పోయినాడు" అన్నప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట ఇదీ: "అట్లెట్ల పోతాడు? నాతో పందెం ఉండాది గదా!" చదివేవారు తిట్టుకున్నా సరే. నేను గెలిచే రోజు చూసుకుని తప్పించుకుపోయాడు మహానుభావుడు.

నా ముందు పండ్లు ఊడినప్పటి పగ ఇది. చుట్ట ముట్టించాలంటే ముందు దాని మూతి కొరికి పారేయాలి. వట్టి చిగుళ్లతో అది నా వల్ల కాదు. ఆ వయసులోనూ ఒక్క పన్ను కదలని మా బావ, టీ అంగడి ముందు పదిమందిలో నా చుట్ట లాక్కుని, కటుక్కున కొరికి, తడితడిగా నా నోట్లో పెట్టేవాడు.

"తాగు నాయనా, తాగు. పాలపండ్లు వచ్చేదాకా నేనే కొరికిస్తాలే."

అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి, లోపల రగిలిపోతూ. అయితే నా చుట్ట అంటుకోనిదే తనది ఏనాడూ ముట్టించలేదు. చేనులో వేరుశనగ నిలువునా ఎండిపోయిన ఏడు కూడా పక్కన కూర్చుని, "ఏడ్చేదుంటే చుట్ట అయిపోయినాక ఏడువు. ముందు పొగ వదులు" అన్నాడు. వదిలాను. బతికాను.

కదిరిలో ఫ్యాన్సీ అంగడిలో పనిచేసే నా కూతురు, నా బంగారుతల్లి, ఫోన్లో వెతికి చుట్టలు కోసే చిన్న కత్తెర తెప్పించింది. చవకదే. గుండ్రటి రంధ్రంలో చుట్ట దూర్చి నొక్కితే తెగాలి. "ఇంగ మామ పని పట్టు నాయనా" అంది. ఇట్లాంటి కూతురు ఎంతమందికి ఉంటుందయ్యా!

టీ అంగడి ముందు గర్వంగా నొక్కాను. చుట్ట నలిగి, చీలి, పొగాకంతా ఒళ్లో రాలింది.

"ఏమప్పా, చుట్ట కోస్తాండవా, చట్నీ నూరుతాండవా?" బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇనుకో బామ్మర్దీ. ఒక్క ఏటుకు చీలకుండా కోసినావంటే, ఆ చుట్ట నీ చేత్తోనే పెట్టించుకోని తాగుతా. అంతవరకూ నీ చుట్ట నా పండ్ల కిందికే."

తప్పు కత్తెరది కాదు. మా ఎండలకు చుట్ట అప్పడంలా పెళుసెక్కుతుంది. తడిగుడ్డలో చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టాలి. మెత్తబడ్డాక ఒక్కసారే గట్టిగా నొక్కాలి. ఇల్లంతా పొగాకు చేసి నేర్చుకున్నాను. నున్నగా తెగిన మొదటి ముక్కను చూసి చిన్నపిల్లాడిలా ఎగిరాను. రేపు చూసుకుందాం బావా అనుకున్నాను. తెల్లారితే ఆ ఫోన్.

మూడోనాడు పాలు పోయడానికి వెళ్లినప్పుడు సమాధి మీద ఆయనకిష్టమైన ఉగ్గాని, బజ్జీ, టీ పెట్టారు. నేను జేబులోంచి తడిగుడ్డ తీశాను. అక్కకు అర్థమైంది.

"ఇంగా పగేనా నీకి?"

"పగేక్కా. అడ్డం రావద్దు."

నొక్కాను. టక్కుమని తెగింది, ఒక్క పీచు కూడా లేవకుండా. "చూస్తాండవా బావా? గెలిచినా!" అని సంతోషం పట్టలేక అరిచాను. నా నోట్లో పెట్టుకుని ముట్టించి, తడితడిగానే ఆయన తలవైపు మట్టిలో గుచ్చాను.

"తాగు నాయనా, తాగు."

నా చుట్టకంటే ముందు ఆయన చుట్ట అంటుకున్నది ఆ ఒక్కరోజే. కొంతదూరం నడిచి వెనక్కి తిరిగి చూశాను. గాలి వీచినప్పుడల్లా ఆ కొన ఎర్రగా వెలుగుతోంది, మళ్లీ మసకబారుతోంది, ఎవరో తీరిగ్గా పీలుస్తున్నట్టు.