గరిక మీద గొర్రెల మంద

మా ఊళ్ళో గడ్డి పీకేవాళ్ళకు కూలి ఇచ్చేవారు. మా నాయనకు మాత్రం గడ్డి పెంచినందుకు జీతం ఇచ్చేవారు. ఈ మాట చెప్పుకొని ఊరంతా నవ్వేది. నవ్వడం అయిపోయాక కూడా వింత తీరక, సంతకు పోతూ పోతూ కంచె దగ్గర ఆగి చూసేవాళ్ళు. చూడ్డానికి ఏముంది? గరిక. చేలో కనబడితే వేళ్ళతో సహా తవ్వి గట్టు మీద పారేసే గరికే. దాన్ని ప్రయాణికుల బంగళా ముందు చదరంగా పరిచి, అంచులు కత్తిరించి, పచ్చిక అని పేరు పెట్టారు. రాజయోగం గరికకు కూడా పడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

అవి అరవైల మొదటి రోజులు. గుమ్మఘట్ట వైపు పోయే దారి పక్కన ఉండేది ఆ బంగళా. పర్యటనకు వచ్చిన అధికారులు అందులో దిగేవారు. నాయన దానికి తోటమాలి, కాపలాదారు, ఒక్కోసారి వంటవాడు కూడా. వెనకవైపు మాకొక గది ఇచ్చారు. గది పక్కనే బావి. మా అమ్మకు నాయన ఉద్యోగమంటే ఆ బావే. అంతకుముందు ఊళ్ళో ఉన్నప్పుడు ఎండిన వాగులో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను చిప్పతో తోడి, కడవ నింపుకొని వచ్చేది. నడుము నొప్పి అప్పటినుంచే ఉంది. బంగళాకు వచ్చాక గుమ్మం దాటితే నీళ్ళు, అవీ తియ్యటి నీళ్ళు. అయితే వాటిలో సగం గరిక తాగేది. అది చూసినప్పుడల్లా అమ్మకు కడుపు మండేది.

"మనుషులకు కడవెడు, గడ్డికి బాయెడు! యాడన్నా ఉండాదా ఈ చోద్యం?" అనేది.

"ఆ గడ్డి బతికితేనే నీకు బాయి ఉండేది, ఊరుకో" అనేవాడు నాయన.

అది నిజమే. నాయన పని తాత్కాలికం. బంగళాల మీద అజమాయిషీ చేసే ఓవర్సీరు మంచివాడే, కాని ఉన్నదున్నట్టు మాట్లాడేవాడు. ఒకరోజు సైకిలు మీద వచ్చి, వెనక కట్టుకొచ్చిన గోతం దింపాడు. అందులో చక్కెరలా తెల్లటి సీమ ఎరువు.

"వానాకాలంలో పెద్దదొర వస్తాడంట. పచ్చిక కళగా ఉంటే నీ పని ఖాయం చేయిస్తా. లేకుంటే నా చేతుల్లో ఏమీ లేదప్పా" అన్నాడు. ఎరువు ఎలా వేయాలో కూడా చెప్పాడు. "వానలు పడి, గడ్డి చిగురు తీసినాక దీన్ని పలచగా చల్లు. ఆకు పొడిగా ఉండేటప్పుడే చల్లు. చల్లిన వెంటనే బాగా నీళ్ళు కట్టు. ఎండాకాలంలో మాత్రం ముట్టుకోవద్దు. అప్పుడు గడ్డికి ప్రాణం వేరులో ఉంటాది. తినిపిస్తే కాలిపోతాది."

నాయన తల ఊపి, ఎలుకలు కొట్టకుండా గోతాన్ని దూలానికి వేలాడదీశాడు. అంతా సవ్యంగా జరగవలసిందే. కాని దొరలకు కార్తెలు పట్టవు కదా. వానలు పడ్డాక వస్తానన్న దొర రోహిణిలోనే వస్తున్నాడని కబురు వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళే పగిలే ఎండలో గరిక ఎంత? పచ్చిక అప్పటికే పాత గోనెపట్టాలా ఉంది. ఓవర్సీరు మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు. తాను చెప్పిన నీతులన్నీ తానే మరిచిపోయి, "ఏమన్నా చేయప్పా, ఎట్లన్నా పచ్చగా కనపడల్ల" అని చెప్పి పోయాడు.

నాయన గోతం దింపి, ఒక పలుకు నాలుక మీద వేసుకొని ఉమ్మేశాడు. "ఉప్పు. ఉప్పు చల్లితే ఏదన్నా బతుకుతాదా?" అని మళ్ళీ మూతి కట్టేశాడు. ఆ సాయంత్రమే తమ్ముడి కోసం పోయాడు.

మా చిన్నాయన గొర్రెలు కాసేవాడు. మనిషి కంటే ముందు ఆయన నవ్వు వచ్చేది ఇంట్లోకి. భుజాన నల్ల కంబళి, దాంట్లో ఎప్పుడూ నాకోసం ఏవో కాయలు. మా వైపు వానలకు ముందు రైతులు గొర్రెల మందను రాత్రిళ్ళు చేలో పడుకోబెట్టించుకుంటారు. మందను తోలించడం అంటారు దాన్ని. పెంటికలూ మూత్రమూ నేలకు పడితే, వాన వచ్చాక ఆ చేను తిరుగులేకుండా పండుతుంది. ఆ రోజుల్లో కాపరిని బతిమాలని రైతు ఉండడు. మా చిన్నాయన అప్పటికే ఒక పెద్దరైతుకు మాట ఇచ్చి ఉన్నాడు. అన్న మొహం చూడగానే ఆ మాట తప్పాడు.

"దీనికి ఇంత దిగులా అన్నా? చేనుకు తోలినట్టే దీనికీ తోలుదాం. మంద పడుకున్న నేల మొలవకుండా ఉంటాదా?" అన్నాడు.

నాయనకు ప్రాణం లేచి వచ్చింది. మర్నాటి నుంచి బంగళా ముందు గొర్రెలు. చిన్నాయన వాటిని పగలంతా కడుపునిండా మేపి, పొద్దుగూకే వేళకు తోలుకొచ్చి, పచ్చిక మీద ఒత్తుగా నిలబెట్టేవాడు. మామూలుగా ఒకచోట పెట్టేదానికంటే ఎక్కువ రోజులు పెట్టాడు, సొంత అన్న గదా అని. తెల్లవారి చూస్తే గరిక కనబడనంత పెంటికలు. నాయన చీపురుతో వాటిని సమంగా పరిచేవాడు. ఊరి పెద్దలు వచ్చి చూసి "ఇంక ఢోకా లేదప్పా" అని మెచ్చుకొని పోయారు.

చేను వేరు, ఇది వేరు. వానకు ముందు చేలో ఏమీ ఉండదు. వేసిన ఎరువు వాన వచ్చేదాకా ఓపికగా పడి ఉంటుంది. ఇక్కడ కింద ఉన్నది దాహంతో అల్లాడే ప్రాణం. దాని మీద ఆ ఘాటు. ఈ తేడా నాయనకు తట్టలేదు, చిన్నాయనకు తట్టలేదు, మెచ్చుకున్న పెద్దలకూ తట్టలేదు. గడ్డిని పెంచిన వంశమా మాది?

ముందు అక్కడక్కడా పసుపు మచ్చలు వచ్చాయి. తర్వాత అవి కలిసిపోయి పచ్చిక గడ్డివాము రంగుకు తిరిగింది. నాయన నీళ్ళు మొదలుపెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. గరికకు కడవ నీళ్ళు పోస్తే కోపగించుకునే మా అమ్మ కొంగు నడుముకు చుట్టి తనూ తోడింది. నడుము పట్టేసినా తోడింది. బావి అడుగున బురద తగిలి చేద ఉత్తగా పైకి వచ్చిన రోజున బావి గట్టు మీద కూర్చొని ఏడ్చింది.

దొర కారు దిగాడు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని లోపలికి పోయాడు. పచ్చికను చూసింది కూడా లేదు, ఆ వాసన చాలింది. ఆయన పోయాక ఓవర్సీరు తలవంచుకొని వచ్చి తాళాలు అడిగాడు. అదే సమయానికి చిన్నాయన మజ్జిగ కుండ పట్టుకొని కంచె దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"నా కడుపు మీద కొట్టినావు కదరా. నీ గొర్రెలు నా బువ్వ తినిపోయినాయి. ఇంక నా కండ్లకు కనపడద్దు" అన్నాడు నాయన.

చిన్నాయన మజ్జిగ కుండ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కుండ అమ్మ తీసుకురాబోతే నాయన వద్దన్నాడు.

మేము ఊరికి తిరిగి వచ్చాం. అమ్మ మళ్ళీ చెలమకు పోయింది.

ఆరుద్ర కార్తెలో వాన పడింది, ఆలస్యంగానే అయినా నేల నానేంత పడింది. కొన్నాళ్ళకు ఒక పొద్దున చిన్నాయన మా వాకిట్లో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. కంబళి మడతలోంచి గుప్పెడు గరిక తీసి అరుగు మీద పెట్టాడు. అంత నల్లటి పచ్చదనం నేను మా సీమలో చూడలేదు. వేరుకు ఇంకా తడిమట్టి ఉంది.

"బంగళా ముందరిది అన్నా. ఎట్లొచ్చిందో ఒక్కసారి వచ్చి చూడన్నా. కాలు పెడితే మునిగిపోతాంది" అన్నాడు.

నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిన్నాయన కాసేపు చూసి, "పోతాండా వదినా" అని అమ్మతో చెప్పి వెళ్ళాడు. సాయంత్రానికి ఆ గరిక వాడిపోయింది. అమ్మ దాన్ని ఆవుకు వేసింది.

ఆ ఏడే చిన్నాయన మందను తోలుకొని కన్నడదేశం వైపు పోయాడు. ఏటా పోయి వచ్చేవాడే, ఈసారి రాలేదు. కొన్నేళ్ళకు, జ్వరం వచ్చి అక్కడే పోయాడని కబురు అందింది. నాయన అక్కడికి వెళ్ళి, మట్టి చేసిన చోటు చూసి, ఆ నల్ల కంబళితో తిరిగి వచ్చాడు.

నా పెళ్ళయ్యాక ఒక వానాకాలంలో నాయన నన్ను పుట్టింటికి తీసుకుపోతూ బంగళా దగ్గర బండి ఆపించాడు. అన్నేళ్ళలో ఆ దారిన పోయినా అటు చూసేవాడు కాదు. లోపల ఎవరో కొత్త తోటమాలి నీళ్ళు పెడుతున్నాడు. నాయన కంచె సందులోంచి చెయ్యి పెట్టి, గరిక వేళ్ళ దగ్గర మట్టి గిల్లి వాసన చూశాడు.

"మీ చిన్నాయన తప్పు చెప్పలేదు పాపా. వాన ఎనకబడింది, అంతే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆ మాట ఆయప్పకు చెప్పింటే యేం పోయేది నాయనా?" అని అరిచాను.

నాయన చేతి మట్టి పంచెకు తుడుచుకొని బండి ఎక్కాడు. ఉక్కగా ఉన్నా ఆ కంబళి నిండా కప్పుకొని కూర్చున్నాడు.