లాండ్రీ అక్క పెరట్లో గని బురద

గని కింది వీధిలో అందరూ ఆమెను లాండ్రీ అక్క అనేవారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లకు కూడా ఆమె అక్కే. అంత నోరు ఆమెది. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉండగా ఆమెతో వాదం పెట్టుకునే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు. అత్తగారి చేతి నుంచి వచ్చిన దుకాణం అది. ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల, వెనక గదిలో సిమెంటు తొట్లు, రెండు పెద్ద మిషన్లు, ఆ వెనక పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తీగలు. ఊరి ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆ తీగల మీదే ఆరేవి. గాలికి అవి రెపరెపలాడుతుంటే చూసుకుని మురిసిపోయేది. తెలుపంటే ఆమెకు అంత పిచ్చి.

భర్త గనిలో పంపు నడిపేవాడు. భూమి లోపల ఊరే నీటిని తోడిపోస్తూ ఉండటమే అతని ఉద్యోగం. రాగి అయిపోయిందని కంపెనీ గని మూసేసి, పంపులు ఆపించిన రోజున అతను ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"పని పోయిందని దిగులా?" అంది అక్క.

"నా పని పోతే పోయిందిలే. నీళ్లు ఆగవు కదే. లోపల నిండుతాయి. నిండాక ఎటో ఒక వైపు నుంచి బయటికొస్తాయి."

అన్నట్టే వచ్చాయి. ఒక వానాకాలం కొండ పక్కనున్న పాత సొరంగం గోడ బద్దలై, వాగు నిండా తుప్పు బురదతో నారింజరంగు నీళ్లు పారాయి. లాండ్రీకి నీళ్లు ఆ వాగు ఒడ్డు బావి నుంచే. ఆ ఉదయం మిషన్లో వేసిన దుప్పట్లు టీలో ముంచి తీసినట్టు బయటికొచ్చాయి. అక్క వాటిని మళ్లీ ఉతికింది. నిమ్మ ఉప్పు వేసింది, మరిగించింది, చేతులు పొక్కేదాకా రుద్దింది. ఒక మరక పోయేలోగా ఇంకొకటి తేలింది. ఆసుపత్రివాళ్లు మర్యాదగానే మాట్లాడి, దుప్పట్లను వేరే ఊరికి పంపడం మొదలుపెట్టారు.

తర్వాత కొన్నేళ్లకు భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అది గని దుమ్ము చేసిన పని, బురదకు దానితో సంబంధం లేదు. ఆ సంగతి అక్కకూ తెలుసు. కానీ మనిషి పోయిన బాధకు తిట్టిపోయడానికి ఏదో ఒకటి కళ్లెదుట ఉండాలి. ఆమెకు ఆ బురద దొరికింది.

ప్రభుత్వం వాగు పైన పెద్ద పెద్ద గుంటలు తవ్వించింది. గని నీళ్లు వాటిలో నిలిచాక తుప్పంతా అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీరు వాగులోకి పోతుంది. అడుగున మిగిలిన బురదను తోడి దూరంగా గుట్టలు పోస్తారు. ఆ బురద మోసే టిప్పర్ నడిపే ఉద్యోగం అక్క తమ్ముడికి వచ్చింది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. అయినా డ్యూటీ బట్టలతో వస్తే గడప తొక్కనిచ్చేది కాదు.

"అక్కా, మనిషి మొహం చూడవే, ప్యాంటే చూస్తావేం?"

"ఆ ప్యాంటు బయటే విడిచి రా, మొహం చూస్తాను."

"వీధివాళ్లు కూడా చూస్తారే!"

వీధికి ఎదురుగా ముళ్లకంచె వెనక కొలిమి మైదానం ఉండేది. ఒకప్పుడు గనిలో తవ్విన రాయిని కరిగించి రాగి తీసిన చోటు. కొలిమిని కూల్చేశారు, నేలను వదిలేశారు. బూడిదరంగు నేల. గడ్డిపరక కూడా మొలిచేది కాదు. గాలి లేచినప్పుడల్లా అక్కడి దుమ్ము వచ్చి వీధి మీద పడేది.

ఆ మైదానం కోసమే ఒక ఇంజనీరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, ఇంకా సన్నటి గొంతు. బడి హాల్లో వీధివాళ్లందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పింది. ఆ నేలలో ఆర్సెనిక్ ఉంది. అది విషం. మట్టంతా తవ్వి తీసుకెళ్తే ఇంకో ఊరి పక్కన పోయాల్సిందే. గని బురదను పరీక్ష చేయించాం, అందులో ఉన్నది దాదాపు అంతా తుప్పే. దాన్ని ఆరబెట్టి ఈ మట్టిలో కలిపితే విషాన్ని అంటిపెట్టుకుని కదలనివ్వదు. పైన గడ్డి పెరిగితే దుమ్ము లేవదు.

ఆమె మాట పూర్తికాకముందే అక్క లేచింది.

"వాగును చంపిన బురద అది. నా బతుకును ముంచిన బురద. ఇప్పుడు దాన్ని తెచ్చి మా గుమ్మాల ముందు పోసి మందంటారా? మీ చెత్త పారేసుకోవడానికి చోటు లేకపోతే మా నెత్తే దొరికిందా?"

హాలు చప్పట్లతో మార్మోగింది. వెనక వరుసలో తమ్ముడు లేచాడు. "అది కాదక్కా, నేను రోజూ చూస్తున్నా కదా..."

"నువ్వు కూర్చో. వాళ్ల జీతం తినే నోరు ఇంకెలా మాట్లాడుతుంది?"

తమ్ముడు కూర్చోలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ మాట నోరు దాటగానే అక్కకు నాలుక కరుచుకోవాలనిపించింది. కానీ చుట్టూ చప్పట్లు. మైదానం పని ఆగిపోయింది. తమ్ముడి రాకపోకలూ ఆగిపోయాయి.

మరుసటి ఏడాది ఆరోగ్య కేంద్రంవాళ్లు ఆ వీధి పిల్లలందరికీ పరీక్షలు చేశారు. అందరిలోకీ అక్క మనవరాలి ఒంట్లోనే ఆర్సెనిక్ ఎక్కువ ఉందని తేలింది. ఇంకా బడికి కూడా పోని పిల్ల. కూతురు డ్యూటీకి వెళ్తే అమ్మమ్మ దగ్గరే ఉంటుంది.

"పాప ఎక్కడ ఆడుకుంటుంది?" అని నర్సు అడిగింది.

"ఎక్కడికీ పంపను. మా పెరట్లోనే, నా కళ్ల ముందే," అంది అక్క.

పెరటి మట్టి తీసుకెళ్లి చూస్తే అందులోనూ విషం కొలిమి మైదానంలో ఉన్నంత ఉంది. ఎలాగో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. తడి దుప్పట్లు గాలిలో దుమ్మును పట్టాయి. ఆరాక ఆమే ఒక్కొక్కదాన్నీ తీసి, గట్టిగా దులిపి మడతపెట్టింది. ఏళ్ల తరబడి. ఆ దులిపినదంతా రాలిన చోటే పిల్ల గరిటెతో గుంటలు తవ్వి ఆడుకుంది. కనబడే మరక మీద కోపంతో ఊగిపోయిన మనిషి, రంగూ రుచీ లేని దాన్ని తన చేత్తోనే ఇంట్లోకి తెచ్చుకుంది. కూతురు పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది అక్కకు.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్లింది. అతను టైరు గాలి చూస్తున్నాడు, తలెత్తలేదు.

"ఆ బురద నిజంగా పట్టి ఉంచుతుందా రా?"

"నన్నడుగుతావేంటి? జీతం తినే నోరు నాది."

"అనకూడని మాట అన్నాను. తప్పే."

"ఏమన్నావ్? సరిగ్గా వినబడలేదు."

"పళ్లు రాలగొడతా."

తమ్ముడు నవ్వి లేచాడు. పాప సంగతి చెప్పగానే ఆ నవ్వు ఆరిపోయింది. ఇద్దరూ టిప్పర్ మెట్టు మీద కూర్చున్నారు. అతనన్నాడు, "దుప్పటికి పట్టింది నువ్వు వదిలించగలిగావా? నీ అంతదాన్నే ఓడించింది. దాని గుణమే అది అక్కా, పట్టిందంటే వదలదు. మనకు పట్టినప్పుడు తిట్టుకున్నాం. విషానికి పట్టనీ, చూద్దాం."

మర్నాడు ఇద్దరూ ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లారు. మైదానం సంగతి తర్వాత, ముందు నా పెరట్లో చేసి చూపించండి అంది అక్క.

"హామీ ఇవ్వలేనమ్మా," అంది ఇంజనీరమ్మ. "కుండీల్లో చేసి చూస్తే బాగానే వచ్చింది. పెరట్లో ఎలా వస్తుందో నాకూ తెలియదు."

"ఆ తెలియదన్న మాట సభలోనే అని ఉంటే నేను అంత అరిచేదాన్ని కాదు."

"అరిచేవారేలెండి," అంది ఇంజనీరమ్మ. ముగ్గురికీ నవ్వాగలేదు.

మనవరాలిని కొన్నాళ్లు తమ్ముడింటికి పంపారు. తమ్ముడు ఎండిన బురదను బస్తాల్లో తెచ్చాడు. మూతికి గుడ్డలు కట్టుకుని, పెరటి మట్టిని తడిపి తిరగేసి, బురదను, పాత ఎరువును కలిపారు. తెల్లటి ఇంటి వెనక ఆ నేల పుండులా ఎర్రగా కనిపించింది. అక్క కిటికీ మూసేసుకుంది.

గడ్డి వేళ్లు పట్టకముందే పెద్ద వాన పడింది. పైపైన కలిపిన బురద కొట్టుకొచ్చి వీధంతా ఎర్రబడింది. ఇళ్లముందు మెట్లు, సైకిళ్లు, గుమ్మాల్లో విడిచిన చెప్పులు. జనం అక్క మీద పడ్డారు.

"మాచేత చప్పట్లు కొట్టించి, మీరే వెళ్లి వాళ్లతో కలిశారేంటక్కా?" అన్నాడు రొట్టెల దుకాణం పెద్దాయన.

మాటకు నాలుగు మాటలు తగిలించే అక్క ఆ రోజు బకెట్టు, బ్రష్షు తెచ్చి వరసగా ఇంటింటి మెట్లూ కడిగింది. తమ్ముడు నీళ్లు మోశాడు. ఇంజనీరమ్మ కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని పక్కనే కూర్చుని రుద్దింది, లోతుగా కలపకపోవడం తన పొరపాటేనని అడిగినవాళ్లందరికీ చెప్పింది. సగం మెట్లయ్యాక పెద్దాయనే లోపలినుంచి ఇంకో బ్రష్షు తెచ్చాడు. గొణుగుడు మాత్రం ఆపలేదు.

రెండోసారి లోతుగా తవ్వి కలిపారు. పైన గడ్డి గింజలు చల్లి ఎండుగడ్డి కప్పారు. ఈసారి నేల నిలిచింది. ముందు మూలల్లో, తర్వాత తీగల కింద పచ్చదనం పాకింది. ఆ మట్టిలోంచి ఊరిన నీటిలో విషం బాగా తగ్గిందని పరీక్షల్లో వచ్చింది. మనవరాలి ఒంట్లోనూ తగ్గింది. అది బురద చలవో, దుమ్ము ఆగడం వల్లో, పిల్లను అక్కడినుంచి తప్పించినందువల్లో తేల్చి చెప్పలేనంది ఇంజనీరమ్మ. విషం ఎక్కడికీ పోలేదని, లోపలే కట్టుబడి ఉందని, ఏటా చూసుకుంటూ ఉండాలని కూడా చెప్పింది. అక్క ఈ మాటలన్నీ వీధిలో ఒక్కటీ దాచకుండా చెప్పింది. జనం ఒక్కొక్కరే వచ్చి ఆ పెరడు చూసుకుని వెళ్లారు. మళ్లీ సభ పెడితే చాలామంది సరేనన్నారు. ఒకరిద్దరు చివరిదాకా ఒప్పుకోలేదు. వాళ్లను ఎవరు ఒక్క మాట అనబోయినా అక్క ఊరుకోలేదు.

మైదానం పని చాలాకాలం సాగింది. దూరాన పోసిన బురద గుట్టలు తరిగేకొద్దీ ఇక్కడ నేల రంగు మారుతూ వచ్చింది. లాండ్రీకి పాత రోజులు మాత్రం తిరిగిరాలేదు. ఆసుపత్రి దుప్పట్లు పోయినవి పోయినట్టే. అక్క ఒక మిషను తీసేసి, ఎక్కువగా ఇస్త్రీతోనే నెట్టుకొచ్చింది.

ఆఖరికి ముళ్లకంచె తీసేశారు. అక్కడ కూరగాయలు వేయకూడదని బోర్డు పెట్టారు. నడవొచ్చు, ఆడుకోవచ్చు. ఆ పొద్దున జనం బస్టాపుకు చుట్టూ తిరిగిపోకుండా మైదానం మీదుగా అడ్డంగా నడిచారు, మొదట భయంభయంగా, తర్వాత కబుర్లు చెప్పుకుంటూ. అక్క మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని వెళ్లింది. ఇప్పుడు బడికి పోయే పిల్ల. చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది, పాదం మడతపడి గడ్డిలో బోర్లా పడింది.

అక్క రెండంగల్లో దగ్గరికి వెళ్లింది. పిల్ల అప్పటికే లేచి, మోకాళ్లకంటిన మట్టిని అరచేత్తో తుడుచుకుంటోంది.

"ఏం కాలేదు అమ్మమ్మా. ఇంకాసేపు ఆడుకుంటా."

అక్క చుట్టూ చూసింది. తమ్ముడు దూరంగా టిప్పర్‌కు ఆనుకుని, ఏమంటుందా అన్నట్టు చూస్తున్నాడు.

"ఆడుకో," అంది. కాస్త ఆగి, "ఇంటికెళ్లగానే కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి, చెప్తున్నా," అంది.

పిల్ల వినలేదు. అప్పటికే సగం మైదానం దాటిపోయింది.