అడగకుండా ఇచ్చిన శ్రుతి

ఆయన బస్సెక్కితే బస్సులో మాటలు ఆగిపోయేవి. టికెట్టు చేతిలోనే ఉన్నవాళ్ళు కూడా ఒకసారి జేబు తడుముకునేవాళ్ళు. బతుకంతా చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి దిగిపోయారు కానీ, ఉద్యోగం వదిలినా ఆ చూపు ఆయన్ని వదల్లేదు. "ఇవాళ నీళ్ళు కలపలేదు సార్" అని పాలవాడు ముందే చెప్పాడంటే, నిన్న కలిపాడన్నమాట అని ఆయన లెక్క. కాలనీలో అందరికీ ఆయన చెకింగ్ మామయ్య. నీడ వెంట వస్తుంటే ఆగి దానికేం పనో కనుక్కునే మనిషి అని ఆయన బావమరిది, ఫొటో స్టూడియో నడిపేవాడు, చాటుగానూ ఎదురుగానూ కూడా అంటుండేవాడు.

అలాంటాయన పాడతారని బయట ఎవరికీ తెలీదు. స్నానాల గదిలో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున పాడుకునేవారు.

ఆ ఏడాది కాలనీ నాటక సంఘం పాటల నాటకం ఒకటి తలపెట్టింది. కథ చిన్నది. నది మీద వంతెన కడతారు, ముసలి పడవవాడికి పని పోతుంది. ఆఖరి రోజున ఖాళీ పడవలో కూర్చుని అతనొక పాట పాడతాడు. ఆ పాట పాడించి చూసి పడవవాడి వేషానికి మనిషిని ఎంచుకుంటామని ఊరంతా చెప్పారు.

ఆయనకు ఆ వేషం కావాలనిపించింది. ఎందుకో భార్యకు ఒక్కసారే చెప్పారు, అదీ మొహం కిటికీ వైపు తిప్పుకుని. తను ఎక్కిన చోటల్లా జనం బిగుసుకుపోయారట. పడవవాడు వస్తుంటే మాత్రం ఒడ్డు మీద జనం లేచి నిలబడతారు, అదుగో వచ్చాడని. ఒక్కసారి అలా రావాలని ఉందన్నారు. అయితే జాలిపడి ఇచ్చినా, మొహమాటానికి ఇచ్చినా ఆ వేషం తనకొద్దు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఎంపిక చేసేది ముగ్గురు. నాటకం ఆడించే డ్రాయింగ్ మాస్టారు, మందుల షాపు ఆవిడ, కీబోర్డు టీచరు. ఆ కీబోర్డు టీచరే ఆయన భార్య.

నువ్వు తప్పుకో అన్నారు. నేను తప్పుకుంటే వాయించేదెవరు అంది ఆవిడ. అయితే తెర కట్టాలన్నారు. పాడేవాళ్ళు ఒక పక్క, వినేవాళ్ళు ఇంకో పక్క. పేర్లుండకూడదు, నంబర్లే ఉండాలి. మాస్టారు నవ్వి సరేనన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అని ఆ రోజంతా ఆయనకు అదొక అనుమానం.

హాలు టైర్ల దుకాణం పై అంతస్తులో ఉండేది. కిటికీలు తీస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. ఒకదాన్లో ఒకటి ఇరుక్కున్న ప్లాస్టిక్ కుర్చీలను లాగి తీసి వేసుకుని, పాడేవాళ్ళంతా మెట్ల దగ్గర వరండాలో కూర్చున్నారు. తలుపు దగ్గర నంబర్లు పిలిచేది బావమరిదే. బావగారిని చూడగానే, "మీరు పాడటం మొదలుపెడితే జనం టికెట్లు తీసి చూపించేస్తారేమో, కాస్త నవ్వుతూ పాడండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయన నవ్వలేదు. తన నంబరు లోపలికి చేరవేస్తాడేమోనని, పక్కన కూర్చున్న గ్యాస్ బండల అతనితో నంబరు చీటీ మార్చుకున్నారు. అతను ఎందుకని కూడా అడగలేదు. ఆయనతో వాదన పెట్టుకోవడం కంటే ముందుగా పాడేసి పోవడమే నయమనుకున్నాడు.

వరండాలోకి అన్నీ వినిపిస్తున్నాయి. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళగానే తెర వెనక నుంచి ఆయన భార్య గొంతు అడుగుతోంది, "శ్రుతి ఎంత పెట్టమంటారు?" అని. గ్యాస్ బండల అతనికి ఆ మాటే అర్థం కాలేదు. "మీ దయ అమ్మా, ఎంతైనా పర్లేదు" అన్నాడు.

ఈయన వంతు వచ్చింది. లోపలికి వెళ్ళి, తెర ముందు నిలబడి, చిన్నగా దగ్గి గొంతు సవరించుకున్నారు. అంతే. తెర వెనక కీబోర్డు మోగింది. సరిగ్గా ఆయన శ్రుతి, కుళాయి కింద పాడుకునే శ్రుతి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అందర్నీ అడిగిన మనిషి తనను అడగలేదు. ఇక ఈ తెర ఎందుకు, ఈ చీటీలెందుకు? ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది కాదు. పైకి పెట్టండి," అన్నారు, గొంతు మార్చి.

కీబోర్డు ఒక్క క్షణం ఆగింది. తరవాత ఓ మెట్టు పైకి మోగింది.

"ఇంకా పైకి."

ఇంకా పైకి మోగింది. ఆ శ్రుతిలో పల్లవి ఎలాగో లాక్కొచ్చారు. చరణంలో, "ఏ ఒడ్డున దిగాలి నేను" అని పైకెళ్ళే చోట గొంతు చీలిపోయింది. చీలిన గొంతుతోనే చివరిదాకా పాడి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి ఇంటికి వచ్చేశారు.

సాయంత్రం బావమరిది వచ్చి చెప్పాడు, వేషం మీదే బావగారూ అని.

సంతోషించాల్సిన మనిషి చొక్కా వేసుకుని నేరుగా మాస్టారింటికి వెళ్ళారు. వేషం తనకెందుకిచ్చారని, టికెట్టు లేనివాణ్ణి అడిగినట్టే అడిగారు. ముసలి పడవవాడికి గొంతు చీలకపోతే ఎవరికి చీలుతుంది మామయ్యగారూ, మందుల షాపు ఆవిడ కళ్ళు తుడుచుకుంది, కావాలంటే అడగండి అన్నాడు మాస్టారు. సాక్షిని ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడన్నమాట అనుకున్నారు ఈయన. సాక్షి దగ్గరికీ వెళ్ళారు. ఆవిడా అదే మాట చెప్పింది. ఇద్దరూ ఒకే మాట చెప్పడంతో అనుమానం ఇంకాస్త బలిసింది.

ఇంటికొచ్చేసరికి భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆ వేషం వద్దని రేపు చెప్పేస్తానన్నారు. పెళ్ళాం చలవతో పడవెక్కానని జనం అనుకుంటే తను బతకలేనన్నారు.

ఆవిడ చేతిలో చొక్కా పక్కన పెట్టింది.

"నా చలవేం లేదు. నేను వద్దన్నాను."

"ఏమన్నావ్?"

"వద్దన్నాను. వాళ్ళిద్దరూ కావాలన్నారు, నేనొక్కదాన్నే కాదన్నాను. చరణంలో మీకు శ్రుతి నిలవదు. ఇన్నేళ్ళుగా కుళాయి చప్పుడులో వింటున్నా, నాకు తెలీదా? అసలు పైకి పెట్టమని మిమ్మల్నెవరు అడగమన్నారు?"

"మరి నన్ను శ్రుతి అడగలేదేం?"

"ఆ దగ్గు విన్నాక ఇంకేం అడగను? చెయ్యి దానంతటదే పోయింది."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. సొంత పెళ్ళాం వద్దన్నా పరాయివాళ్ళు కావాలన్నారు. అంతకు మించిన రుజువు ఆయనకు ఏ కోర్టులోనూ దొరకదు. కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. చరణం ఎలా పట్టాలో చెప్పమన్నారు. ఆవిడ బట్టలు మడత పెడుతూనే చెప్పింది.

మర్నాడు హాలు మెట్లెక్కుతుంటే ఇంకో ఆలోచన పురుగులా తొలిచింది. తను నమ్మేందుకే ఆవిడ అలా చెప్పలేదు కదా? ఆవిడ తెలివి ఆయనకు తెలుసు. నిజంగా వద్దందో, అందరికంటే ముందు ఆవిడే కావాలందో! ఏళ్ళ తరవాత ఆయన పోయాక కూడా ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నవ్వి ఊరుకునేది.

ఆ రోజు మాత్రం తేల్చుకోవడం చిటికెలో పని. హాల్లో మాస్టారు ఒక్కడే ఉన్నాడు, వంగి నేల మీద సుద్దముక్కతో పడవ గీస్తున్నాడు. ఒక్క మాట అడిగితే చాలు. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. నోటిదాకా వచ్చింది.

మాస్టారు తలెత్తి చూశాడు. "ఏంటి మామయ్యగారూ, ఏదో అడగబోయారు?"

"ఏం లేదు," అన్నారాయన చెప్పులు విప్పుతూ. "పడవ ఎటు నుంచి రావాలి?"