తియ్యగున్నాయేటి?

రోజు విడిచి రోజు నాన్నని డయాలసిస్‌కి శ్రీకాకుళం తీసుకెళ్ళేదాన్ని. పక్క మంచం పిన్నిది ఉద్దానం. కొబ్బరినీళ్ళు ఆమెకి విషమన్నాడు డాక్టరు. అయినా వచ్చినప్పుడల్లా సొంత తోట బొండాలు భర్తచేత మోయించుకొచ్చి, రోగుల పక్కన కూర్చున్న మాచేత తాగించేది. చేతికి గొట్టాలతో కదల్లేక, మా గొంతుల వైపే చూస్తూ అడిగేది: "తియ్యగున్నాయేటి?"

"ఇంకెన్నాళ్ళు పిన్నీ, ఈ గదిలో ఈ చెర?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ఎప్పుడు వొదిలిపెట్టాలో దేవుడికి తెల్దేటి? అందాకా మన పని మనం సేద్దుము. తాగమ్మా, ఎండిపోతన్నావు."

ఆ వేసవిలోనే ఆమె పోయింది. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. కొన్నాళ్ళకి భర్త ఒక్కడే గోనెసంచి మోసుకొచ్చాడు.

"కాయలు ఆపొద్దన్నాదమ్మా," అంటూ బొండాం కొట్టి ఇచ్చాడు.

నేను తాగుతుంటే ఎదురుగా నిలబడి, నా గొంతు వైపే చూస్తూ అడిగాడు: "తియ్యగున్నాయేటి?"