కురిడీ అటక కింద లేసు గది

ఆ రోజుల్లో ఇంటి కోడలికి ఇంట్లో చోటు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బోలెడంత చోటు ఉండేది. పొయ్యి ముందు చోటుండేది, నూతి దగ్గర చోటుండేది, పశువుల పాకలో పేడ తీయడానికి కావలసినంత చోటుండేది. లేనిదల్లా మనకిష్టమైన పని ఒకటి పెట్టుకుని కూర్చోడానికి చోటు. ఈమధ్య మా మనవరాలు సెల్‌ఫోనులో నాకొక వీడియో చూపించింది. ఎవరో అమ్మాయి బొమ్మలు వేసుకోడానికి, కుట్లూ అల్లికలూ చేసుకోడానికి ఇంట్లోనే ఒక గది సర్దుకుంది. గోడలకి తెల్లరంగు, కిటికీ పక్కన మొక్క, దారాలన్నీ రంగుల వరసలో. "ఇలాంటి గదుంటే చాలు నాయనమ్మా, ఉత్సాహం దానంతటదే వచ్చేస్తుంది" అంది. నాకు ఉత్సాహం రాలేదు. కుళ్ళిన కొబ్బరి వాసన వచ్చింది. (ఆ వాసన సంగతే చెప్పబోతున్నాను. నేను అక్షరాలు దిద్దిందే జుట్టు నెరిశాక, రాత్రిబడిలో. కనక నా రాతలో నగిషీలు వెతక్కండి.)

మాది రాజోలు పక్క పల్లెటూరు. పెళ్ళయి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న విద్య ఒక్కటే, లేసు అల్లడం. చివర చిన్న కొక్కెం ఉన్న సూది, తెల్లదారం ఉండ, ఇంతే సరంజామా. లేసు కంపెనీ ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చినప్పుడు అల్లినది చూసి పట్టుకెళ్ళేవాడు. మధ్యాహ్నం వంటపని తెమిలాక వీధి అరుగు మీద ఆడవాళ్ళందరం చేరి అల్లేవాళ్ళం. అందరికీ అది సరదా, నాకు నరకం. ఒకావిడ దారం తొక్కేది, ఇంకొకావిడ పిల్లాడు ఉండని వీధిలోకి దొర్లించుకుపోయేవాడు, కోడి ఒకటి సరిగ్గా నా పని మీంచే నడిచి వెళ్ళేది. వీటన్నిటికీ పైన మా తోడికోడలు. పెద్ద కోడలు కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. నేను ఒక పువ్వు అల్లి, నచ్చక విప్పి, మళ్ళీ అల్లుతుంటే చూసి, "ఏంటే, దేవుడికి కిరీటం చేస్తున్నావా? ఎవరో తెల్లదొర కాఫీ ఒలకబోసుకునే గుడ్డే అది!" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, పళ్ళు కొరుకుతూ.

మా ఇంటి వెనకవైపు ఒక గది ఉండేది. దాని పైన వెదురు బద్దల అటక, అటక నిండా కొబ్బరికాయలు. కొబ్బరికాయల్ని పీచుతోనే అలా పరిచి ఏడాది దాకా ఎండనిస్తే, లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, కాయ ఊపితే లోపల గుడుగుడుమంటుంది. అదే కురిడీ. మా ఇంటి ఏడాది ఆశంతా ఆ అటక మీదే ఉండేది. కింద గదిలో మాత్రం ఏమీ ఉండేది కాదు. పనీపాటా లేకుండా అంత గది పడి ఉండడం చూసి నాకు కడుపు మండేది. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"అత్తయ్యగారూ, ఆ వెనకగది ఖాళీగానే ఉంది కదండీ. నేను లేసు అల్లుకోడానికి వాడుకోనా అండి?"

"ఖాళీ ఎక్కడే? గాలుంది. ఆ గాలి కాయలది" అన్నారు అత్తగారు, తలెత్తకుండా.

ఇంక లాభం లేదనుకున్నాను. కానీ అదే వారంలో ఆవిడ కూతురి పురిటికని కొత్తపేట వెళ్ళాల్సి వచ్చింది. పెట్టె సర్దుకుంటూ నన్ను పిలిచేరు. "నేనొచ్చేదాకా ఆ గది వాడుకో. సాయంత్రం పూట పీచు పొగ మాత్రం మానకు, చెమ్మ చేరితే కాయలు పోతాయి. ఏజెంటు మెచ్చుకునేలాగా ఒక పెద్ద పని చేసి చూపించు, గది నీకే వదిలేస్తాను. చెయ్యలేదనుకో, అరుగు ఎక్కడికీ పోదు."

"ఆయ్" అన్నాను. ఆవిడ బండి మలుపు తిరిగేదాకా కూడా ఆగలేదు, సున్నం నానబెట్టేశాను.

ఆ గదిని నేను సర్దిన సర్దుడు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సున్నంలో నీలిమందు కలిపి గోడలకి వేశాను. కిటికీ తలుపులకి చిలకపచ్చ రంగు. పాత క్యాలెండర్ల లోంచి జలపాతాలు, నెమళ్ళు, పేరు తెలియని మంచుకొండలు కత్తిరించి మైదాపిండితో అంటించాను. మందుసీసాలో మందార కొమ్మ పెట్టాను. నవ్వారు మంచం మీద ఉతికిన దుప్పటి, పక్కన దారపు ఉండలకి వెదురు బుట్ట. అంతా అయ్యాక కూర్చుని సూది పట్టుకున్నానో లేదో, పై నుంచి కొబ్బరి పీచు నుసి రాలి సరిగ్గా దారం మీద పడింది. దులిపాను. మళ్ళీ పడింది. ఇలా కాదని మా ఆయన పాత పంచెలన్నీ కలిపి కుట్టి, అటకకి అడుగున గోడ నుంచి గోడకి బిగించి చాందినీ కట్టేశాను, ఒక్క సందు కూడా లేకుండా. మా ఆయన గుమ్మంలో నిలబడి పైకి చూశారు.

"నా పెళ్ళి పంచె కూడా ఎక్కించేసేవా?"

"మళ్ళీ కట్టుకునే పనేమన్నా ఉందా అండి?"

"ఇప్పటిదాకా లేదు. నువ్విలా గదిలోనే ఉండిపోతే చూసుకోవాలి" అని నవ్వుతూ వెళ్ళిపోయారు. ఆయనకి అన్నిటికీ నవ్వే. అటక సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు, అయినా నా మొహంలో సంతోషం చూసి చెప్పబుద్ధి కాలేదట. (ఈ ముక్క తరవాత చెప్పారు. ముందు చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.)

ఇక పొగ. మొదట్లో అత్తగారు చెప్పినట్టే సాయంత్రం గదిలో మట్టికుండలో పీచు రాజేసి పొగపెట్టేదాన్ని. కొన్నాళ్ళకి ఏజెంటు వచ్చాడు. నేను అల్లిన చిన్న ముక్క చేతిలోకి తీసుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, గబుక్కున దూరం పెట్టాడు.

"చెల్లెమ్మగారూ, ఏవీ అనుకోకండి. కాట్రేనికోన నుంచి ఎండుచేపలేవన్నా దీంట్లో చుట్టి తెప్పించుకున్నారా అండి?"

అరుగంతా ఘొల్లుమంది. మా అక్కయితే స్తంభం పట్టుకుని మరీ నవ్వింది. ఆ పూట అన్నం సయించలేదు. పొగ పెడితే లేసు పోతుంది, మానితే అత్తగారి మాట పోతుంది. బాగా ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. ఆవిడ పొగ పెట్టమన్నారు గానీ గది లోపలే పెట్టమని అనలేదు కదా! మర్నాటి నుంచి కిటికీ తలుపులు గట్టిగా బిగించి, కుండని బయట, కిటికీ కింద పెట్టి, ఒక్కపూట మానకుండా భక్తిగా పొగ వేశాను. పొగ నిటారుగా లేచి కొబ్బరిచెట్ల తలల్లోకి వెళ్ళిపోయేది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో!

ఇంతా చేసి గదిలో పని సాగిందా? లేదు. అది ఎవరికి చెప్పుకోను? అరుగు మీద కోళ్ళ మధ్య, వెటకారాల మధ్య చకచకా నడిచిన సూది, ఇక్కడ జలపాతాలూ నెమళ్ళూ చూస్తుండగా మొరాయించింది. కిటికీలోంచి పంటకాలవ కనిపించేది. గడ్డం కిటికీకి ఆనించి, కాయల పడవ ఒకటి వెళ్ళేదాకా చూసేదాన్ని, తరవాత ఇంకోటి వస్తుందేమోనని చూసేదాన్ని. సీసాలో కొమ్మ వాడిపోతే మార్చేదాన్ని, నెమలి అంచు లేస్తే మళ్ళీ అంటించేదాన్ని. సాయంత్రానికి ఒడిలో అరచేతంత లేసు ఉండేది, మనసులో మాత్రం మంచమంత దిగులు. నాకు చేతకాదేమోనని భయం పట్టుకుంది. అరుగు మీదున్నప్పుడు తప్పు కోడిదనో, పిల్లాడిదనో, అక్కదనో అనుకునేదాన్ని. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

చివరికి కొత్తపేట నుంచి కబురొచ్చింది, అత్తగారు ఫలానా వారం బయల్దేరుతున్నారని. అప్పుడు పట్టింది నాకు పిచ్చి. నెమళ్ళకి వీపు పెట్టి కూర్చుని, తిండీ తిప్పలూ మరిచి అల్లాను. గుండ్రటి బల్ల మీద పరిచే పెద్ద గుడ్డ. మధ్యలో తామరపువ్వు, చుట్టూ కొబ్బరాకుల వరస, అంచున చిన్న చిన్న గవ్వలు. అలాంటిది మా వైపు అంతకుముందు ఎవరూ అల్లగా నేను చూడలేదు, నేనూ మళ్ళీ అల్లలేదు. అప్పటికి వానలు పట్టుకున్నాయి. గదిలో ఏదో వాసన మొదలైంది. "ఎలకేదో చచ్చుంటుంది" అన్నారు మా ఆయన. మంచం కింద వెతికాం, బుట్ట వెనక వెతికాం. చాందినీ మధ్యలో కాస్త కిందకి జారి పసుపు రంగుకి తిరగడం చూశాను. వాన కారుతోందనుకున్నాను. పని ముగించాలన్న ధ్యాసలో పైకప్పు ఎప్పుడూ కారని చోటే అదని తోచలేదు.

అత్తగారు వచ్చిన రోజున లేసుగుడ్డని మంచం మీద గది నడిమధ్యన పరిచాను. ఆవిడ కాళ్ళు కడుక్కుని, చేతిలో గొడుగు చేతిలోనే ఉండగా తిన్నగా గదిలోకి వచ్చేరు. వెనకాల మా ఆయన, గుమ్మం దగ్గర మా అక్క. అత్తగారు గోడల వంక చూశారు. నెమళ్ళ వంక చూశారు. వంగి లేసు అంచు వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు. ఆవిడ కళ్ళు కాస్త పెద్దవయ్యాయి, నా మీద ఒట్టు. అంతలో ముక్కు ఎగబీల్చి తల పైకెత్తారు.

"ఏంటే ఇది?"

"చాందినీ అండి. నుసి పడకుండా."

"దీని మీద బరువేంటి?" అంటూ గొడుగు మొనతో కిందకి జారిన చోట మెల్లిగా పొడిచేరు.

అంతే. మా ఆయన పెళ్ళి పంచె నిలువునా చిరిగింది. పైన గాలి ఆడక, పొగ తగలక, చెమ్మకి కుళ్ళి పగిలిన కాయల నీళ్ళు ఎన్నాళ్ళుగా ఆ పంచెల్లో చేరుతున్నాయో, ఒక్కసారిగా మంచం మీదకి దిగాయి. తామరపువ్వు మునిగింది, కొబ్బరాకులు మునిగాయి. అత్తగారి గొడుగు చేతిలోనే ఉంది గానీ విప్పే వ్యవధి ఎక్కడిది? ఆ కంపు ఇక్కడ రాయలేను. వీధిలో వెళ్ళేవాళ్ళు ముక్కు మూసుకున్నారని విన్నాను.

అత్తగారు, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగానే, చాలా నెమ్మదిగా అడిగారు.

"పొగ పెట్టలేదా?"

"పెట్టేనండి. ఒక్కరోజు మానలేదండి."

"ఎక్కడ పెట్టేవు?"

"కిటికీ బయట అండి."

"ఎవరికి? కాకులకా?"

మా అక్క ఇంక ఆపుకోలేకపోయింది. "ఎంత పద్ధతిగా చేసిందండీ మన చిన్న కోడలు! పందిరి వేసింది, పన్నీరు చల్లింది. భోజనాలొక్కటే తక్కువ" అంది. నవ్వింది మా ఆయనొక్కరే, అదీ అత్తగారు చూసేదాకా.

అటక మీద సగానికి పైగా కాయలు పోయాయి. అత్తగారు స్నానం చేసి వచ్చి, మొహానికి కొంగు కట్టుకుని, చెడినవి ఒక్కొక్కటీ కిందకి దింపించారు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడిచి తేలికపడేదాన్ని. లేసుని కుంకుడు రసంలో నానబెట్టాను, నిమ్మకాయ రుద్దాను, నీలి పెట్టాను, ఎండలో ఆరేశాను. మరక గోదారి పాయలు చీలినట్టు గుడ్డ నిండా ఉండిపోయింది. ఏజెంటు మర్యాదస్తుడు. "పనితనం చూస్తే కళ్ళకద్దుకోవాలండి. రంగు చూస్తేనే మా కంపెనీవాళ్ళు నన్ను గెంటేస్తారండి" అని మడత పెట్టి తిరిగి ఇచ్చేశాడు. అత్తగారు అది తీసుకుని మళ్ళీ అంచు తడిమి చూశారు. "అల్లిక బావుందే" అన్నారు. నేను ఆశగా తలెత్తాను. "గది మాత్రం కాయలదే" అన్నారు.

నెమళ్ళు చినిగిపోయాయి, మళ్ళీ లోపలే పెట్టిన పొగకి గోడలు నల్లబడ్డాయి. కొన్నాళ్ళు సూది ముట్టలేదు. ఆ తరవాత అరుగెక్కాను, కళ్ళు మసకేసేదాకా ఆ అరుగు మీదే అల్లాను.

ఇప్పుడు మా ఇంట్లో కురిడీ చేసేవాళ్ళు లేరు, కాయ దించగానే లారీ ఎక్కుతోంది. అటక తీసేశారు. మనవరాలు ఆ వీడియో వాళ్ళ నాన్నకీ చూపించినట్టుంది, మా అబ్బాయి ఆ గదికి తెల్ల పలకలు పరిపించి, ఫ్యానూ ట్యూబులైటూ పెట్టించి, "ఇంక నీ ఇష్టం అమ్మా, ఏమన్నా అల్లుకో" అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను. సూది దొరికింది, దారం దొరికింది, కొక్కెంలో దారం పడటమే లేదు. సరే, ఊరికే కూర్చుందామని కిటికీ దగ్గర గడ్డం ఆనించాను. అప్పుడు తెలిసింది, పనికోసం గది కావాలని ఊరందర్నీ నమ్మించిన అప్పటి ఆ పిల్లకి, అంటే నాకే, కావలసింది ఇదేనని. ఎవరూ పిలవని చోట కాసేపు, ఏమీ చెయ్యకుండా. ఆ సంగతి ఆ పిల్లకే తెలియదు, పాపం, పీచు పొగలా ఎక్కడెక్కడో తిరిగింది. నవ్వొచ్చింది. నవ్వుకుంటూ లేచి తలుపు వేసుకుని గడియ కోసం తడిమాను. గడియ లేదు. ముసలిదాన్ని, లోపల పడిపోతే ఎలాగని తీయించేశారట.

ఇంతలో తలుపు తోసుకుని మా కోడలు తల లోపల పెట్టింది. "అత్తయ్యగారూ, అలికిడి లేదు, బానే ఉన్నారా అండి?"

"ఆయ్, బానే ఉన్నాను" అన్నాను.