పచ్చగా చూపిన ఫోన్

మా ఇంట్లో కొత్త ఫోన్ సముద్రం చూడదు. ఉప్పునీరు తగిలితే పాడవుతుందని అది ఇంట్లోనే ఉంటుంది. పాతది ప్లాస్టిక్ కవరు చుట్టుకుని పడవెక్కుతుంది. నరసాపురం అవతల మా పేటలో వేటకు వెళ్లే ప్రతి ఇంటా ఇదే పద్ధతి. నేను కొత్తది కొనుక్కున్నప్పుడు నా పాత ఫోన్ అలాగే తమ్ముడి చేతికి వెళ్లింది. గాలినీ అలలనీ చెప్పే యాప్ అందులో నేనే పెట్టిచ్చాను. పచ్చగా ఉంటే వెళ్లొచ్చు, ఎర్రగా ఉంటే వెళ్లకూడదు. అంతకు మించి వాడికి అక్కర్లేదు.

ఆ రోజు తెల్లారాక వాడు బయలుదేరిన గంటకి, అన్నం ఉడుకుతుంటే నా ఫోన్ తీసి చూశాను. ఎర్రగా ఉంది. వెంటనే వాడికి చేశాను.

"ఒరేయ్, ఎర్రగా ఉందిరా, వెనక్కి తిప్పు!"

"ఎర్రగా ఏంటక్కా, ఇక్కడ పచ్చగానే ఉంది. మబ్బు చూస్తే నాకూ అనుమానం వచ్చింది గానీ, ఫోన్ చూసుకునే వచ్చాను."

"కింద తేదీ చూడరా!"

వాడు ఆ సన్నటి అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. పదకొండు రోజుల కిందటి తేదీ. ఇన్నాళ్లూ వాడు ఎప్పటిదో ఒక ఉదయాన్ని చూసుకుని సముద్రంలోకి వెళ్తున్నాడు. అంతలో లైన్ తెగిపోయింది. అన్నం మాడిన వాసన వచ్చి అమ్మ అరిస్తే, ఫోన్ ఆమె చేతిలో పెట్టాను.

మధ్యాహ్నం దాటాక పడవ పక్క ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. వలలు పోయాయి. వాడూ, వాడితో వెళ్లిన మా బాబాయీ దక్కారు. "బతికుంటే బలుసాకు తినొచ్చు" అంటూ అమ్మ ఏడుస్తూనే పొయ్యి వెలిగించింది. నా భయం మాత్రం కోపమైంది. మర్నాడు ఆ పాత ఫోన్ పట్టుకెళ్లి మొబైల్ షాపాయన మీద పడ్డాను. ఆయన చేసిన పాపమల్లా షాపు తెరిచి ఉండటమే.

"పాత సిస్టమండి. దీనికి కొత్త యాప్ ఎక్కదండి, ఉన్నదాన్ని యాప్ వాళ్లు వదిలేశారండి. ఎన్నేళ్లని మోస్తారు చెప్పండి?"

"మొయ్యొద్దండి. దించేసేటప్పుడు చెప్పాలా వద్దా? ఆగిపోతే ఆగిపోయినట్టు ఉండాలి గానీ, పచ్చగా ఉండటమేంటండి?"

ఇప్పటికీ నా మాట అదే. పాత వంతెన పనికిరాకపోతే మూసెయ్యండి, ఎవరూ కాదనరు. దారికి అడ్డంగా ఒక ముళ్లకంపైనా వెయ్యాలి కదా.

ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా అన్నాడు. "చెప్పే ఉంటుందండి. ఇంగ్లీషులో ఒక్కసారి వస్తుంది. ఓకే నొక్కితే ఇంక రాదండి."

అప్పుడు గుర్తొచ్చింది. నేను పెరట్లో చేపలు తోముతున్నాను. "అక్కా, ఇదేదో ఇంగ్లీషులో అడుగుతోంది" అంటూ వాడు ఫోన్ నా ముందు పెట్టాడు. చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఒక్క ముక్క చదవకుండా నొక్కేశాను. డిగ్రీ చదివినదాన్ని. ఫోన్ తీసుకుని ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం వాడికి అన్నం వడ్డించి చెప్పాను. "ఆ ఓకే నొక్కింది నేనేరా."

వాడు అన్నం కలుపుకుంటూనే అన్నాడు.

"తెలుసక్కా. నువ్వు చదివే నొక్కావనుకున్నాను."