అమ్మమ్మ చీరతో కుట్టిన బొంత

ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా ఉన్న చోటికి కొంచెం ఇవతల మాకు కూరగాయల తోట ఉండేది. తోట నడుమ బాయి, బాయి పక్కన గూనపెంకుల ఇల్లు. నాయన నా చిన్నప్పుడే పోయాడు. సేద్యమంతా అమ్మా, అన్నా చూసుకునేవాళ్లు. తెలంగాణ కావాలని మొదటిసారి పట్నమంతా అట్టుడికిన యేడు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. బడులు మూసేశారు. అన్న డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, తెల్లారితే చాలు ఊరేగింపులకు పోయేవాడు. దాంతో అమ్మ వెంట కూరగాయల బండిమీద దిల్‌సుఖ్‌నగర్ పోవడం నా పనయింది.

అక్కడ మా దగ్గర రోజూ కూరగాయలు తీసుకునే ఇళ్లలో ఒకదాంట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన కొత్త జంట కిరాయికుండేది. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆమె చిన్నపిల్ల, కడుపుతో ఉంది. అమ్మను "పిన్నిగారూ" అని పిలిచేది. వంకాయలమ్ముకునే తనకు 'గారు' తగిలించిందని అమ్మ దారిపొడుగునా నవ్వుకునేది.

ఎండలు ముదురుతున్న ఒక పొద్దున మేం పోయేసరికి ఆ ఇంటి కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి. అమ్మ గొంతు గుర్తుపట్టాకే ఆమె తలుపు తీసింది. భర్త ఆఫీసు పనిమీద వరంగల్ పోయాడట, బస్సులు నిలిచిపోయి అక్కడే చిక్కుకున్నాడట.

"నిన్న రాళ్లు పడ్డాయి పిన్నిగారూ. ఒక్కదాన్నే ఉన్నాను. వంటింట్లోకెళ్లి కూర్చున్నాను," అంది.

అమ్మ తక్కెడ కింద పెట్టింది. "పెట్టె సర్దుకో బిడ్డా. మీ ఆయన ఒచ్చేదాక మా ఇంట్ల ఉందువు. పక్కింటోళ్లకు చెప్పిపోదాం."

అలా ఆమె మా తోటకు వచ్చింది. వారం తిరక్కుండానే భర్త వెతుక్కుంటూ వచ్చాడు. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలియని రోజులు. ఆమెను పుట్టింటికి పంపడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. కాన్పు అయ్యేదాకా ఇక్కడే ఉండనిమ్మని అమ్మే అంది. ఆయన స్నేహితుల గదిలో ఉంటూ ఆదివారాలు సైకిలు మీద వచ్చి చూసిపోయేవాడు. నేను ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను.

ఎండాకాలం మా ఇంట్లో బొంతలు కుట్టే కాలం. బాయిలో నీళ్లు అడుగంటేవి, ఇంటికి సరిపడా బెండకాయలు తప్ప తోటలో ఏమీ ఉండేవి కావు. అమ్మ వేపచెట్టు కింద ఊడ్చి, అలికి, పాత చీరలూ ధోతులూ ఒకదానిమీద ఒకటి పరిచి, మూలలకు రాళ్లు పెట్టేది. చుట్టూ అంచు కుట్టి, తర్వాత వరస వెంట వరస లోపలికి కుట్టుకుంటూ పోయేవాళ్లం. అక్కకు గుడ్డమీద పూలు కుట్టడం వచ్చుగానీ ఇంత దళసరి గుడ్డలోంచి సూది దించడం రాలేదు. పొద్దంతా వేళ్లు పొడుచుకునేది. "సూదిని నొక్కద్దు, గుడ్డను సూది మీదికి తేవాలె," అని అమ్మ చెప్పాక చెయ్యి కుదిరింది.

ఆ రోజుల్లోనే, అక్క రాకముందే ఊరేగింపులో పట్టుబడ్డ అన్న జైలునుంచి విడుదలై వచ్చాడు. లాఠీ దెబ్బకు కుడిచెయ్యి విరిగి కట్టు కట్టి ఉంది. బక్కచిక్కిపోయాడు. అమ్మ తన ముఖం తడుముతుంటే, వాకిట్లో కూర్చున్న అక్క మాటలో గుంటూరు యాస విని ఆగిపోయాడు.

"మా కొలువులన్నీ వీళ్లకే పాయె. ఇగ మనింట్ల గూడ వీళ్లేనా?"

"మెల్లగ మాట్లాడు. కడుపుతోనున్న మనిషి," అంది అమ్మ.

అక్క విననే విన్నది. మర్నాడు అమ్మ బాయి దగ్గరుండగా పెట్టె సర్దుకుని, దాన్ని ఈడ్చుకుంటూ గడపదాకా వచ్చింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. అరుగుమీద కూర్చున్న అన్న లేచాడు. ఆమెను కాసేపు చూశాడు. ఎడమచేత్తో ఆ పెట్టెను అందుకుని మళ్లీ లోపల పెట్టి వచ్చాడు.

"నా కోపం నీమీద కాదు చెల్లె. ఎండల యాడికి పోతవు?" అన్నాడు.

అప్పట్నుంచి వాళ్లిద్దరూ రోజూ వాదించుకునేవాళ్లు. చెయ్యి విరిగినందున అన్న పొలం పని చేయలేడు. బొంత జరక్కుండా ఒక పక్క కాలితో అదిమిపెట్టి కూర్చునేవాడు. ఉద్యోగాల సంగతి ఎత్తితే, "మా అన్నలూ బీఏ చదివి ఖాళీగానే ఉన్నారండీ," అనేది అక్క. "మరి మీ ఊర్ల వాళ్లకు అడ్డమొచ్చింది ఎవరు?" అనేవాడు అన్న. ఒకరి మాట ఒకరు ఒప్పుకున్నది ఎన్నడూ లేదు. కానీ అన్నం వేళకు ఆమె రాకపోతే, "ఏంది, ఇంక లేస్తలేదా?" అని లోపలికి తొంగిచూసేది మాత్రం అన్నే.

తొలకరి పడ్డాక అమ్మ బిడ్డకోసం చిన్న బొంత మొదలుపెట్టింది. పైన వేయమని అక్క తన పెళ్లి పట్టుచీర తెచ్చింది. అమ్మ దాన్ని మడిచి తిరిగి ఇచ్చేసింది. "పసిపిల్లకు ఒరుసుకుంటది బిడ్డా. బాగ కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుచీర కావాలె." అక్క పెట్టెలో అన్నీ కొత్తవే. మా పాత చీరలన్నీ ఆ యేటి బొంతల్లో కలిసిపోయాయి. అమ్మ లోపలికి వెళ్లి, కొయ్యపెట్టె అడుగునుంచి అమ్మమ్మ చీర తీసుకొచ్చింది.

వెలిసిపోయిన కుంకుమరంగు చీర అది. అమ్మమ్మ పోయినప్పటినుంచి అమ్మ దాన్ని ఏ బొంతలోనూ వేయలేదు. నేను లంగాకు అడిగితే ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు తనే అంచు పట్టుకుని చించింది. చించే ముందు ఒక్కసారి ముఖానికి అద్దుకుంది. అక్క వచ్చి అమ్మ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించింది.

వానలు ఆగకుండా పడుతున్న ఒక రాత్రి అక్కకు నొప్పులొచ్చాయి. దవాఖానకు తీసుకుపోదామంటే మలక్‌పేట దారిలో కర్ఫ్యూ. చెయ్యింకా పూర్తిగా అతకకపోయినా అన్న బురదలో నడుచుకుంటూ కొత్తపేట పోయి మంత్రసానిని వెంటబెట్టుకొచ్చాడు. తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టింది. అమ్మ ఆ చిన్న బొంతను పొయ్యి దగ్గర వెచ్చజేసి, పిల్లను చుట్టి, ముందుగా అన్న చేతుల్లో పెట్టింది. కట్టు కట్టిన చెయ్యి కదపకుండా, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"మరి ఈమె ఆంధ్రానా, తెలంగాణానా?" అంది అక్క మంచంమీంచి నీరసంగా.

"ముందు పాలు తాగనీ," అన్నాడు అన్న.

చలికాలం వచ్చేనాటికి గొడవలు సద్దుమణిగాయి. చిక్కుడు పందిరి విరగకాసింది. అక్క జొన్నరొట్టె చేయడం నేర్చుకుంది. పిల్ల ఎండలో బొంతమీద బోర్లా పడి తల ఎత్తేది. ఒక ఆదివారం అక్క భర్త దిల్‌సుఖ్‌నగర్‌లోనే వేరే ఇల్లు చూసుకున్నానని చెప్పి తీసుకుపోవడానికి వచ్చాడు. తర్వాత చాలా ఏళ్లు వాళ్లు అక్కడే ఉన్నారు. అన్నకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. తోట ప్లాట్లయింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు అన్నే బండి కట్టాడు. అక్క అమ్మ కాళ్లకు దండం పెట్టబోతే అమ్మ పట్టుకుని లేపింది. "బాలింతవు, వంగకు," అంది. ఇద్దరూ అలాగే పట్టుకుని నిలబడ్డారు. బండి కదిలాక అమ్మ చిక్కుడు పందిరి కిందికి పోయి, మాకు అక్కర్లేనన్ని కాయలు తెంపింది. పొయ్యి వెలిగించి, రోజూలాగే అందరికీ అన్నం వండింది. అన్న తిరిగొచ్చాక ముగ్గురం తింటుంటే కుండలో అన్నం మిగిలిపోయింది. అమ్మ దాన్ని చూసి మూత పెట్టింది. "రేపు పొద్దుగాల కూరగాయలు దిల్‌సుఖ్‌నగర్‌కే గదా తీస్కపోయేది," అంది.